బరువు ఎటువైపు

పదింటికి క్లాసు. ఇంకా అయిదు నిమిషాలుండగానే అమ్మాయి తన ఫోనును తీసుకెళ్ళి అమ్మ బొత్తాల డబ్బాలో అడుగున పాతిపెట్టింది. పైన గుప్పెళ్ళకొద్దీ తెల్ల బొత్తాలు పోసింది, మూత బిగించి డబ్బాను బీరువా మీదికి ఎక్కించింది, ఎక్కడానికి వేసుకున్న స్టూలును కూడా తీసుకెళ్ళి వరండాలో పడేసింది. తనను తాను రవ్వంతైనా నమ్మని మనిషి చేసే పనులివి. ఒళ్ళు సంగతి సరే, అది ఎటూ కదలదు, గంటలకొద్దీ ఒకేచోట కూర్చునే ఓపిక దానికి చచ్చేంత ఉంది. కదిలేదల్లా మనసే. ఇవాళ అది కదలడానికి వీల్లేదు. అమ్మ బడి పిల్లల యూనిఫారాల కొలతలు తీసుకోవడానికి పొద్దున్నే వెళ్ళింది, పన్నెండు దాకా రాదు. గోడకు అవతలి గదిలో తాతయ్య ఉన్నాడు, ఇవతలి గదిలో తనుంది. అమ్మ గుడ్డలు కత్తిరించే పొడుగాటి చెక్కబల్ల మీద ఒక చివర బూడిదరంగు గుడ్డల తాను, రెండో చివర లాప్‌టాప్. ఎడమ చెవిలో ఇయర్‌ఫోను. కుడి చెవిది మాత్రం దండలా వేలాడుతోంది, ఎందుకంటే కుడి చెవి గోడకు. ఈ పద్ధతి మూడు నెలల కిందట మొదలైంది, దాని సంగతి ఆమె తలచుకోదు.

తలచుకోవలసింది సార్ సంగతి. బలాలూ బరువుల పాఠం చెప్పే ఈ సార్‌కు కాలేజీలో తప్పుల మాస్టారని పేరు. అందరిలా హాజరు పిలవడు. గంట పాఠంలో ఎక్కడో ఒకచోట, ఒకే ఒక్కచోట, కావాలని ఒక తప్పు చెబుతాడు. ముఖంలో ఏమీ తెలియనివ్వడు, దర్జాగా చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. ఆ తప్పును పట్టుకుని, క్లాసు అయ్యేలోగా తనకు విడిగా మెసేజ్ పెట్టినవాడే ఆ పూట హాజరైనట్టు. మిగతావాళ్ళు తెర మీద ఎంతసేపు వెలిగినా లేనట్టే. మొదట్లో అందరికీ ఇది భలే తేలిక అయిపోయింది. క్లాసులో రేడియో అని ఒకడున్నాడు, వాడికి ఏది తెలిసినా క్షణం ఆగదు, తప్పు పట్టుకున్న మరుక్షణం గ్రూపులో పెట్టేసేవాడు, అందరూ దాన్నే ఎత్తి సార్‌కు పంపేసి చేతులు దులుపుకునేవాళ్ళు. తర్వాతొక రోజు రేడియోకు ఏం బుద్ధి పుట్టిందో, లేని తప్పును కల్పించి గ్రూపులో వేశాడు. నలభైమంది నలభై మెసేజులు పంపారు, అక్షరం తేడా లేదు. సార్ తిట్టలేదు, అరవలేదు. "మీ అందరి చెవులూ ఒకే మనిషికి ఉన్నాయని ఇవాళే తెలిసింది" అన్నాడంతే. ఆ రోజు నుంచి నియమాలు మారాయి. ఒక్కొక్కరికి ఒక్కటే మెసేజ్, తప్పయితే ఆ పూట పోయినట్టే. తప్పేమిటో రాస్తే చాలదు, అది తప్పని నీకెలా తెలిసిందో కూడా నీ మాటల్లో రాయాలి. చివరి పది నిమిషాల్లో ఆయన నంబర్లు పిలుస్తాడు, పిలిచినవాళ్ళు మైకులో పలకాలి.

పద్నాలుగు క్లాసులకు తొమ్మిది ఉంటేనే పరీక్ష. అమ్మాయికి ఎనిమిదున్నాయి. ఆ ఎనిమిదిలో ఏడు రేడియో పుణ్యమే, ఒకటి మాత్రం గుడ్డిగా తగిలింది. నియమాలు మారాక ఒక్కటీ రాలేదు. ఇవాళ్టిది పద్నాలుగోది. ఇది పోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఏడాది పోతుంది, తోటివాళ్ళంతా పై క్లాసుకు వెళ్ళిపోతారు, తను మళ్ళీ ఇదే బల్ల ముందు ఇవే పాఠాలకు ఇలాగే కూర్చుంటుంది. అమ్మకేం చెబుతుంది? కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి తల్లికీ, మా అమ్మాయి ఇంజనీరింగండీ, పొద్దస్తమానం క్లాసులేనండీ, తల ఎత్తదండీ అని చెప్పుకునే అమ్మకు! తల ఎత్తకపోవడం నిజమే. ఆ తల దేనిలో ఉందన్నదే అసలు సంగతి. అమ్మాయి ముక్కు ఎగబీల్చి, అమ్మ గీతలు గీసుకునే సుద్దబిళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుంది. మనసు బయటికి వెళ్ళిన ప్రతిసారీ బల్ల మీద ఒక గీత. సిగ్గన్నా వస్తుంది.

సార్ వచ్చాడు. వెనకాల గోడ, గోడ మీద గడియారం, పక్కన తెల్లబోర్డు. తెర నిండా నల్లటి చతురస్రాలు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క నంబరు, ముప్పై ఏడు తనది. ఉన్నారా అని సార్ అడిగితే ఎవరూ పలకలేదు. ఉన్నారనే అనుకుంటున్నా అని ఆయన మొదలుపెట్టాడు. బరువు అంటే ఏమిటి, బలం అంటే ఏమిటి, ఒక వస్తువు కదలకుండా ఉందంటే దాని మీద బలాలు లేవని కాదు, ఉన్న బలాలన్నీ ఒకదాన్నొకటి సరిపెట్టుకున్నాయని. సరిపెట్టుకోవడం. అమ్మ ఎప్పుడూ అనే మాట, ఇంతకే సరిపెట్టుకోవే అని. చిన్నప్పుడు మిగిలిన గుడ్డతో కుట్టిన గౌను, ముందు గళ్ళు, వెనక చుక్కలు, బళ్ళో అందరూ ముందు నుంచి ఒక పిల్ల వెనక నుంచి ఇంకో పిల్ల అని నవ్వారు, ఆ గౌను ఎక్కడుందో ఇప్పుడు, ఆ పాతబట్టల మూటలో... అయ్యో. గీత. ఒకటి. ఇంకా అయిదు నిమిషాలు కూడా కాలేదు. సార్ వెనక గడియారం పది నలభై చూపిస్తోంది. పది నలభయ్యా? ఇప్పుడు పదీ నాలుగు కదా. తప్పు! ఇదే తప్పు! వేళ్ళు అప్పుడే అక్షరాల మీదికి వెళ్ళాయి, 'గడియా' దాకా కొట్టి ఆగింది. గడియారంలో సెకన్ల ముల్లు కదలడం లేదు. బ్యాటరీ అయిపోయి ఎన్నాళ్ళయిందో పాపం. ఇంట్లో గడియారానికి బ్యాటరీ వేసుకోని మనిషి దాంతో పరీక్ష పెడతాడా? నాలిక్కరుచుకుని కొట్టినదంతా చెరిపేసింది. దాన్ని చెరుపుతూ సార్ చెప్పిన రెండు వాక్యాలు వదిలేసింది. గీత. రెండు.

కళ్ళలో వత్తులేసుకుని చూడాలి అంటారు గానీ, చూస్తే సరిపోతుందా? ఆమె ఎన్ని క్లాసులు కళ్ళార్పకుండా చూడలేదు! సార్ నోరు కదులుతూ ఉండేది, తను చూస్తూ ఉండేది, ఆయన చొక్కా మీద ఇంకు మరక ఎక్కడుందో ఇప్పటికీ చెప్పగలదు, పాఠం మాత్రం అడక్కండి. మనసు వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళదు, అదే దానితో చిక్కు. చెప్పి వెళితే చెయ్యి పట్టుకుని ఆపచ్చు. అది తిరిగొచ్చాకే తెలుస్తుంది వెళ్ళిందని, ఒళ్ళంతా చెమటతో, ఏమీ ఎరగనట్టు. మూడు. పక్కింట్లో ఎవరో బక్కెట్టు లాగారు. నాలుగు. క్లాసంటే ఒకప్పుడు బెంచీలుండేవి, పక్కన ఒకమ్మాయి మోచెయ్యి తగిలేది, సార్ వెనక్కి తిరిగితే అందరూ ఒక్కసారి ఊపిరి వదిలే చప్పుడు వినిపించేది, ఆ చప్పుడులో తనూ ఉండేది. ఇక్కడ తను లేకపోయినా తన చతురస్రం ఉంటుంది. ఎంత బుద్ధిమంతురాలో ఆ చతురస్రం! ఒక్క క్లాసు ఎగ్గొట్టలేదు. దానికే ఇచ్చెయ్యండి సార్ డిగ్రీ. నవ్వొచ్చింది, నవ్వుతూనే గీత గీసింది, అయిదు. నవ్వు ఎందుకో అక్కడే ఆగిపోయింది. ఈ బల్ల దగ్గర కూర్చుని నవ్వడమంటే ఈమధ్య ఆమెకు పడదు. పద, పాఠంలోకి పద. బలానికి పరిమాణం ఉంటుంది, దిశ ఉంటుంది. అవును, ఉంటుంది. తప్పు కాదు. నోట్సులో రాసింది. బరువు ఎప్పుడూ కిందికే. అవును. రాసింది. చెయ్యి రాస్తూ ఉంటే మనసు చేతి వెనకే నడుస్తోంది, అలిగిన పిల్లలా, ఈడుస్తూ, అయినా నడుస్తోంది. అలా ఎనిమిది నిమిషాలు ఒక్క గీత పడలేదు. తన వీపు తనే తట్టుకుందామనుకుంది. అనుకున్నందుకు ఆరు.

పదిన్నరకు గోడ మీద టకటకమని రెండు దెబ్బలు. తాతయ్య చేతికర్ర. కుడి చెవికి ముందే తెలుసు, ఒళ్ళు లేచేసింది, ఇయర్‌ఫోను వైరు పీకితే సార్ గొంతు గది నిండా వచ్చింది. లాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తుకుని, పురిటి బిడ్డను మోసుకెళ్ళినట్టు మోసుకుంటూ వెళ్ళింది. తాతయ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు, ఒళ్ళో పేపరు. ముప్పై ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఉద్యోగం పోయి ఎంతకాలమైనా ఎర్ర పెన్సిలు లేనిదే పేపరు ముట్టుకోడు, తప్పున్న ప్రతిచోటా సున్నా చుట్టి అంచు మీద సరైన మాట రాస్తాడు, ఎవరికోసమో ఆయనకే తెలియాలి.

"పెన్సిలు మంచం కిందికి దొర్లిందే. నేను వంగలేను" అన్నాడు.

"ఉండు ఉండు, మాట్లాడకు, వింటున్నా." లాప్‌టాప్ మంచం మీద పెట్టి, కిందికి దూరి, పెన్సిలు తీసి ఇచ్చింది. దూరినప్పుడు కూడా చెవులు రిక్కించే ఉంది.

"ఏం వింటున్నావు అంత ఇదిగా?"

"తప్పు వెతుకుతున్నా తాతయ్యా. సార్ ఒక తప్పు చెబుతాడు. అది దొరక్కపోతే నా పని ఖాళీ."

"వెతికితే దొరకదే తప్పు" అన్నాడు ముసలాయన, పెన్సిలు మొనను వేలితో చూసుకుంటూ. "వెతికేవాడికి ప్రతీదీ తప్పులాగే కనపడుతుంది. మామూలుగా చదువు. అదే కాలికి తగులుతుంది."

కాలికి తగులుతుందట. తను ఏ మాటకు ఉలిక్కిపడిందో ఆయనకు తెలియదు. దుప్పటి కింద ఆయన ఎడమకాలు తిన్నగా, కర్రలా ఉంది. తుంటి ఎముక. లోపల ఇనుప మేకు ఉంది. అమ్మాయి లాప్‌టాప్ ఎత్తుకుని వెనక్కి వచ్చేసింది. మళ్ళీ బల్ల దగ్గర కూర్చుని గీత గీసింది, ఏడు, ఇంకోటి కూడా గీసింది, ఎందుకంటే తన సంగతి తనకు తెలుసు.

సార్ ఇప్పుడు బోర్డు మీద బొమ్మ వేస్తున్నాడు. ఒక పొడుగాటి గీత. ఇది చెక్క అనుకోండి, ఆరు మీటర్లు. దానికి రెండు చివరలా రెండు త్రిభుజాలు, ఇవి ఆధారాలు. చెక్క మీద, ఎడమ చివర నుంచి రెండు మీటర్ల దూరంలో, అరవై కిలోల బరువు. ఆ బరువును రెండు ఆధారాలూ పంచుకుంటాయి. ఎవరి వాటా ఎంత? ఆమె కళ్ళ ముందున్నది అదే. చెక్క, రెండు చివరలా రెండు స్టాండ్లు. అమ్మ బల్ల పైచెక్క విడిగా వచ్చేస్తుంది, ఇల్లు మారేటప్పుడు వీలుగా ఉంటుందని వడ్రంగి చేత అలా చేయించింది. ఇల్లు మారలేదు గానీ చెక్క మాత్రం ఒకసారి కదిలింది. వద్దు. పాఠం. చెక్క మీద బరువు. ఆ చెక్క మీద తాతయ్య. వద్దంటున్నానా! మూడు నెలల కిందట, ఇదే పది గంటల వేళ, ఇదే కుర్చీ, రెండు చెవుల్లోనూ రెండు ఇయర్‌ఫోన్లు. తెర మీద ఒక మూల లెక్కల మేడమ్, గొంతు నొక్కేసి. మిగతా తెర అంతా ఒక పెద్దమనిషి మడతమంచం విప్పబోయి అందులోనే ఇరుక్కుపోతున్నాడు, కాలు తీస్తే చెయ్యి, చెయ్యి తీస్తే తల, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది, అది అయ్యాక ఇంకోటి, ఇంకోటి. అరగంటకు అమ్మ బజారు నుంచి వచ్చి పెట్టిన కేక ఇయర్‌ఫోన్లు దాటుకుని వచ్చింది. స్నానాలగది గుమ్మంలో తాతయ్య, పక్కకు ఒరిగి, చెంప నేలకు ఆనించి. మూడుసార్లు పిలిచానమ్మా అన్నాడు అమ్మతో, ఫిర్యాదులా కూడా కాదు, లెక్క చెప్పినట్టు. పాపం అది క్లాసులో ఉంది నాన్నా, దానికేం వినపడుతుంది అంది అమ్మ. ఆ మాటనే ఎదురింటి వ్యాను డ్రైవరుకు చెప్పింది, డాక్టరుకు చెప్పింది, చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. క్లాసులో ఉంది పాపం. ప్రతిసారీ అమ్మాయి తల దించుకునేది, అందరూ దాన్ని బాధ అనుకునేవాళ్ళు. తను క్లాసులో లేదు. ఇంట్లోనూ లేదు. మరి ఎక్కడుంది? ఆ అరగంట తను ఎక్కడుందో అడిగితే చూపించడానికి భూమ్మీద చోటు లేదు.

గీత గీయాలి. సుద్ద ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా ఆ రోజు ఆ చేతిలోకి వచ్చేసింది. సందు ఇరుకు, వ్యాను లోపలికి రాదు, మలుపు దాకా తీసుకురండి నేను బండి తిప్పుతా అంటూ డ్రైవరు పరిగెత్తాడు. బల్ల మీది గుడ్డలన్నీ కిందికి తోసేసి అమ్మ చెక్క ఊడబీకింది. తాతయ్యను దాని మీదికి జరిపారు. కాళ్ళ వైపు అమ్మ, తల వైపు తను. నేను తల వైపు పట్టుకుంటా అని తనే అంది, ఎందుకంటే ఆయన చూపు కాళ్ళ వైపు ఉంటుంది, తల వెనకున్న తనను చూడడు అనుకుంది, ఎంత నీచమైన తెలివి. ఎత్తగానే తెలిసింది. ఒళ్ళు బరువంతా తలా ఛాతీ వైపే ఉంటుందని. అమ్మ నడుస్తోంది, అమ్మ వెనక్కి చూసి త్వరగా రావే అంటోంది, తన భుజాలు ఊడిపోతున్నాయి, చెక్క అంచు అరచేతుల్లో దిగుతోంది, వేళ్ళు తెల్లబడిపోయాయి. సందులో రెండుసార్లు కిందికి దించాల్సి వచ్చింది, రెండుసార్లూ తన వల్లే. అమ్మకంటే వయసులో ఉన్న మనిషి, అమ్మకంటే బలం ఉన్న మనిషి, అయినా తను ఓడిపోయింది, అమ్మ ఓడిపోలేదు. ఎందుకు? బరువు తన వైపుంది కనక. బరువు ఎవరికి దగ్గరగా ఉంటే మోత వాళ్ళది.

"కాబట్టి ఎడమవైపు ఆధారానికి ఇరవై, కుడివైపు దానికి నలభై. రెండూ కలిపితే అరవై. సరిపోయింది కదా? ముందుకు వెళదాం" అంటున్నాడు సార్.

కాదు. కాదు సార్. లెక్క వేయకముందే, బొమ్మ సరిగా చూడకముందే అరచేతులు కాదన్నాయి. ఎడమవైపుకు రెండు మీటర్లే, కుడివైపుకు నాలుగు. బరువు ఎడమ చివర మనిషికి దగ్గర. ఆ మనిషి ఇరవై మోస్తాడా? ఆ మనిషినే నేను! నలభై, నలభై నాది. సుద్ద కింద పడేసి పెన్ను తీసుకుని లెక్క వేసింది, అరవైని నాలుగుతో హెచ్చించి ఆరుతో భాగిస్తే నలభై, ఎడమవైపు. మళ్ళీ వేసింది. మళ్ళీ నలభై. కలిపితే అరవై అవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అదీ సార్ కిటుకు. దొరికింది. వెతికితే కాదు, కాలికి తగిలింది.

మెసేజ్ పెట్టె తెరిచింది. ఎడమ నలభై, కుడి ఇరవై, మీరు తిరగేసి చెప్పారు. ఇది సులువు. కింద రెండోది ఉంది. నీకెలా తెలిసింది? లెక్క వేశాను అని రాయచ్చు. అబద్ధం కూడా కాదు, వేసింది కదా. ఆ రెండు మాటలు కొట్టి చూసుకుంది. క్లాసులో ఉంది పాపం అన్నప్పుడు తల దించుకోవడం లాంటిదే ఇదీ, నోటితో అబద్ధం ఆడకుండానే అబద్ధం. ఆ పని మూడు నెలలు చేసింది, చాలు. చెరిపేసింది. మెల్లగా, ఒక్కొక్క అక్షరం ఒత్తుకుంటూ రాసింది: "మా తాతయ్య పడిపోయిన రోజు నేనూ మా అమ్మా ఆయన్ని చెక్క మీద మోశాం. తల వైపు నేను పట్టుకున్నాను. బరువు దగ్గరున్నవాళ్ళ మీదే ఎక్కువ పడుతుందని నా చేతులకు తెలుసు. ఆయన పిలిచినప్పుడు నేను క్లాసులో ఉన్నానని అందరూ అనుకున్నారు. లేను సార్. వీడియోలు చూస్తున్నాను." పంపితే ఇక వెనక్కి రాదు. సార్ ఏమనుకుంటాడు? ఏమన్నా అనుకోనీ. పంపింది. పది నలభై ఆరు. ముందు చెప్పాల్సిన మనిషికి కాకుండా సార్‌కు ముందు చెప్పానని అప్పుడు తట్టింది. లేచింది. లాప్‌టాప్ ఎత్తుకుంది.

తాతయ్య పేపరు చివరి పేజీలో ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర లాప్‌టాప్ పెట్టి, మంచం పట్టె మీద కూర్చుంది. సార్ గొంతు సన్నగా వస్తూనే ఉంది.

"తాతయ్యా."

"దొరికిందా?"

"దొరికింది. అది కాదు. నువ్వు పడిపోయిన రోజు..." దుప్పటి అంచు సరిచేసి మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ రోజు నేను క్లాసు వినట్లేదు. ఏవో వీడియోలు చూస్తూ కూర్చున్నా. అందుకే నీ పిలుపు వినపడలేదు. క్లాసు వల్ల కాదు."

తాతయ్య పెన్సిలు పేపరు మడతలో పెట్టాడు. కళ్ళజోడు తీశాడు.

"తెలుసు" అన్నాడు.

"తెలుసా? ఎలా?"

"నవ్వు వినపడింది కదే. నేను పిలిచేవాణ్ణి, నువ్వు నవ్వేదానివి. లెక్కల క్లాసులో అంత నవ్వేముంటుంది?"

ఆయన చెంప నేలకు ఆనించి, అరగంట, గోడ అవతలి నవ్వు వింటూ. ముప్పై ఎనిమిదేళ్ళు కనపడిన ప్రతి తప్పుకూ ఎర్ర సున్నా చుట్టిన మనిషి ఈ ఒక్కదాని దగ్గర పెన్సిలు ఎత్తలేదు. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

"మరి అమ్మతో ఎందుకు చెప్పలేదు?"

"అది నువ్వు చెప్పాల్సిన మాట. చెబుతావేమోనని చూస్తున్నా." ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగానే ఉంది. "మీ అమ్మ వచ్చాక దానికీ చెప్పు."

"చెబుతా. ఇవాళే చెబుతా."

లాప్‌టాప్‌లో సార్ నంబర్లు పిలుస్తున్నాడు. అయిదు, ఎవరో ఉన్నా సార్ అన్నారు. పంతొమ్మిది, పలికారు. ఆ తర్వాత ఆయన ఏదో చదువుతున్నట్టుంది.

"ముప్పై ఏడు" అన్నాడు సార్.

అమ్మాయి మోకాళ్ళ మీద ముఖం పెట్టుకుని ఉంది.

"ముప్పై ఏడో నంబరు. ఉన్నావా అమ్మా?"

తాతయ్య చేతికర్రతో మంచం పట్టె మీద టకటకమని రెండు దెబ్బలు కొట్టాడు.

"ఏమేవ్, పిలుస్తున్నారు నిన్ను. పలుకు."

ముఖం తుడుచుకుని ఆమె మైకు నొక్కింది.

"ఉన్నాను సార్" అంది.